ఈతకొలను వైపు కిటికీ

కాలేజీ పాత జిమ్‌కి ఉక్కు చట్రాల కిటికీలు నలభై ఉన్నాయి. అద్దాలు ఊడదీయడం, వాటి అంచున రాయిలా బిగిసిన పుట్టీ మెత్తబడేలా ఆవిరి పట్టడం, తుప్పు గీకడం, రంగు వేసి మళ్లీ అద్దం బిగించడం మా పని. నేనూ, నాతో పనిచేసే డెల్బర్టూ మార్చిలో మొదలుపెట్టి, జూన్‌కి ఈతకొలను వైపు గోడకి వచ్చాం.

అక్కడ ఒక కిటికీ రెక్క విల్లులా వంగి ఉంది. అరవై ఏళ్లుగా మూసుకోవడం లేదట. చలికాలం సందులో గుడ్డలు కుక్కేవారట. 1961లో ఎవరో ఆకతాయి వంచాడని కాలేజీ కాగితాల్లో ఉంది.

ఒక ఉదయం ఎర్నస్టీన్ టాలివర్ అనే ముసలావిడ కర్ర ఊతంతో వచ్చి మా నిచ్చెన దగ్గర నిలబడింది. ఒకప్పుడు ఇక్కడ తువ్వాళ్లు ఉతికేదట.

"దాన్ని వంచింది నేనే," అంది.

డెల్బర్ట్ నవ్వాడు. "ఇది ఉక్కమ్మా, రొట్టెపిండి కాదు."

"బొగ్గు కెలికే కడ్డీ దూర్చి, దాని మీద వేలాడాను. నీ పొట్ట నాకుంటే అంతసేపు పట్టేది కాదులే."

డెల్బర్ట్ పొట్ట లోపలికి పీల్చుకున్నాడు. ఆవిడ మెల్లగా చెప్పుకొచ్చింది. ఆ రోజు లోపల, ఈతకొలను గదిలో ఆవిరి గొట్టం పగిలింది. తలుపు బిగుసుకుపోయింది. రంగు మీద రంగు వేయడంతో కిటికీలు అతుక్కుపోయి ఉన్నాయి. లోపల ఇద్దరు విద్యార్థులు అరుస్తున్నారు. ఆవిడ బయటినుంచి రెక్క పెకలించి ఇద్దరినీ లాగింది. అనుమతి లేకుండా ఈతకు దిగినవాళ్లు కావడంతో, వాళ్లు నోరు విప్పలేదు. మర్నాడు కిటికీ విరగ్గొట్టావని ఆవిణ్ణి పనిలోంచి తీసేశారు; కాగితాల్లో మాత్రం పేరైనా లేకుండా ఎవరో ఆకతాయి పని అని రాశారు.

"మీరు చెప్పలేదా?" అన్నాను.

"చెప్పాను. మా నల్లవాళ్లని ఆ నీళ్లలో కాలు పెట్టనివ్వని రోజులు. నా మాట ఎవరు వింటారు?"

ఈ సంగతి కాలేజీ అధికారికి చెప్పాను. ఆయన కదిలిపోయి, కిటికీని అలాగే వంకరగా ఉంచి, పక్కన ఇత్తడి పలక పెడదామన్నాడు. నాకూ బాగానే తోచింది. ఆవిణ్ణి అడగడానికి ఇంటికి వెళ్లాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "వద్దమ్మాయ్. నేను చేసినదానికి ఎన్నేళ్లు ఎంతమంది చలికి వణికారో. దాన్ని సరిచెయ్యి. దాంతోపాటు ఆకతాయి పని అని రాసిన ఆ కాగితాన్ని కూడా సరిచేయమను."

రెక్కను ఊడదీసి బల్లకు బిగించాం. ఎర్రబడేదాకా కాచి, సుత్తితో కొద్దికొద్దిగా దారికి తెచ్చాం. మూడు రోజులు పట్టింది. బిగించాక ఆవిడే వచ్చి తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. 

సరిచేసిన కాగితం మాత్రం అక్టోబరుదాకా రాలేదు. అందులో జరిగిందంతా ఉంది, కాలేజీ క్షమాపణ కూడా. తన పేరులో ఒక అక్షరం తప్పుందని ఆవిడ తిప్పి పంపింది. రెండోసారి సరిగ్గా వచ్చింది.