విజిల్ పడ్డాక

మ్యాచ్‌కు ముందు తక్కిన కోచ్‌లు పిల్లలకు గ్లూకోజ్ కలిపి ఇస్తారు. ధర్మవరం అమ్మాయిల కబడ్డీ జట్టుకు ఉమాశంకర్ సారు కోపం ఇస్తాడు. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, అవతలి జట్టులో ఫలానా పిల్ల నిన్ను ఇట్లా అన్నదని చెవిలో వేస్తాడు. గెలుపు సంగతి దేవుడెరుగు, ఆ మాట మాత్రం పచ్చిమిరపకాయలా పనిచేస్తుంది.

జట్టులో పట్టు ప్రమోదది. కిందటి నెల బత్తలపల్లి మ్యాచ్‌లో కూతకు వచ్చిన పిల్ల చీలమండ దొరకబుచ్చుకుని, విజిల్ పడ్డాక కూడా మెలితిప్పుతూనే ఉంది. ఆ పిల్ల మోకాలు పోయింది. గోలలో విజిల్ వినపడలేదని ప్రమోద ఏడిస్తే అందరూ నమ్మారు. అప్పటినుంచి అన్నం కలుపుకునేటప్పుడు తన చేతులు తన కంటపడితే చాలు, చూపు తిప్పుకుంటుంది. మళ్ళీ ఎవరి కాలైనా ఈ చేతుల్లో పడితే ఏమవుతుందోనని భయం.

ఇప్పుడు పెనుకొండలో ఫైనల్. ఎదురు హిందూపురం. సారు ప్రమోదను గోడవారకు తీసుకెళ్ళాడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని బతికేవాళ్ళ పిల్లకు ఆడేందుకు కాళ్ళెక్కడివని హిందూపురం సుధ అన్నదట. ప్రమోద నాయన ఓబుళప్ప వయసంతా ఆ గుంతలో కూర్చునే పట్టుచీరలు నేశాడు. ఇప్పుడు లేచి నిలబడాలంటే గోడ పట్టుకోవాలి. ప్రమోదకు చెవులు వేడెక్కాయి.

"బత్తలపల్లి పట్టు ఇంగోసారి చూపియ్యమ్మా," అన్నాడు సారు.

మొదటి సగంలో భయంతో పట్టు బిగించలేక, అందిన కాలు కూడా వదిలేసింది. విరామంలో కొళాయి దగ్గరికి సుధే వచ్చి పలకరించింది. మీ నాయనదీ గుంతమగ్గమేనంట కదా అని అడిగింది. తన నాయనదీ అదే పనని, మోకాళ్ళు అరిగిపోయాయని, ఆముదం వెచ్చచేసి రాస్తే కాస్త నయమని చెప్పింది.

అంటే సారు చెప్పింది పచ్చి అబద్ధం. ప్రమోదకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. కోపానికి కారణమే లేనప్పుడు ఇక భయం దేనికి?

ఆట చివర్లో సుధ కూతకు వచ్చి కాలు చాచింది. ప్రమోద ఒడిసి పట్టుకుంది. పట్టగానే ఆ పాత వేడి ఎక్కడినుంచో వచ్చి ఒళ్ళంతా పాకింది. సుధ ఏమీ అనలేదని తెలుసు. సారు మాట అబద్ధమని తెలుసు. తెలిసినదేదీ చేతుల దాకా పోలేదు. విజిల్ పడింది. చేతులు ఇంకొంచెం తిప్పాయి. సుధ కేక పెట్టి కూలబడింది.

రెఫరీ పరుగున వచ్చి, విజిల్ వినలేదా అని గద్దించాడు. బయటినుంచి సారు అందుకుని, ఇంత గోలలో పాపం ఎట్లా వినపడుతుందన్నాడు. జట్టులో పిల్లలంతా అవునన్నారు. ప్రమోద కూడా తలూపితే సరిపోయేది. ఊపితే మళ్ళీ ఇంకో కాలు ఈ చేతుల్లోకే వస్తుంది.

"ఇనపడింది సార్," అంది రెఫరీతో. "ఆ పొద్దు బత్తలపల్లిలో గూడా ఇనపడింది."

సారు మొహం తిప్పుకున్నాడు. ప్రమోద వంగి, సుధను లేపడానికి చెయ్యి చాచింది. సుధ బాగున్న కాలు కూడా గబుక్కున ముడుచుకుంది.