పదమూడో అంశం

అధ్యాపక మండలికి కార్యదర్శిగా ఉండడమంటే మనుషుల్ని పోగుచేయడమేనని అరబా ఎస్సుమన్‌కు మొదటి ఏడాదే తెలిసిపోయింది. మినిట్స్ రాయడం, ఉత్తరాలు పంపడం చేతికి పని. అసలు పని కాళ్లది. సమావేశం ఉన్న రోజున ఆమె చరిత్ర విభాగంతో మొదలుపెట్టి, భాషలు, మతశాస్త్రం, సంగీతం, నాటకం మీదుగా ఒక్కో గది తలుపు తట్టుకుంటూ పోయేది. ఒకాయనకు పాఠం ఉండేది. ఒకావిడ ఎవరివో అంత్యక్రియలకు కుమాసీ బయల్దేరుతూ ఉండేది. ఇంకొకాయన "మీరు మొదలుపెట్టండి, నేను వెనకే వస్తున్నా" అనేవాడు. ఆ వెనక అన్నది ఎన్నడూ వచ్చేది కాదు.

సభ్యుల్లో సగం మంది కూర్చుంటేనే కోరం. కోరం లేని రోజున ఏం తీర్మానించినా చెల్లదు. అందుకని అరబా ఒక ఉపాయం పట్టుకుంది. ఆ విశ్వవిద్యాలయంలోనే కాదు, ఘనాలో ఏ సభలోనైనా అజెండాలో అయిదు అంశాలే ఉన్నా సరే, చివర పెట్టే తిండిని పదమూడో అంశమనే అంటారు. ఆ పదమూడో అంశాన్ని ఆమె గదిలో అందరికీ కనబడేలా మూలబల్ల మీద పెట్టించి, ఆఖరి ఓటు అయ్యేదాకా మూత తీయనిచ్చేది కాదు. మాంసం కూరిన మీట్ పైల వాసన వస్తూ ఉంటే మనుషులు కదలరు. అలా ఎన్నో తీర్మానాలు గట్టెక్కాయి.

నాటకశాఖలో పాఠాలు చెప్పే టెట్టే లాంప్టే, ఆమెకన్నా చాలా చిన్నవాడు, దీన్ని బాహాటంగానే ఎగతాళి చేసేవాడు. అరబా అక్క మమ్మల్ని కోళ్లను గూటికి తోలినట్టు గింజలు చల్లి తోలుతుంది అనేవాడు. అతను వచ్చేదీ ఆ గింజల కోసమే.

ఆ ఏడు మాత్రం గింజలు కూడా పనిచేయలేదు. డీన్ పదవీకాలం ఆ వారంతో ముగుస్తుంది. తమ డీన్‌ను తామే ఎన్నుకునే హక్కు అక్కడి అధ్యాపకులకు ఉంది. పాతతరం వాళ్లు జీతాలు కూడా మానుకుని సాధించుకున్న హక్కు అది. అయితే నిబంధన ఒకటుంది. పదవీకాలం తీరేలోగా మండలి కూర్చుని ఎన్నిక తేదీ ఖాయం చేయాలి. చేయకపోతే వైస్ ఛాన్సలరే ఒకరిని నియమిస్తారు. పక్క మండలుల్లో రెండుచోట్ల అలాగే జరిగింది. ఒకసారి నియమించిన చోట మళ్లీ ఎన్నికన్న మాట వినబడలేదు. ఇక్కడ సమావేశం పిలవడం రెండుసార్లు అయింది, రెండుసార్లూ కోరం లేక లేచిపోయారు. ఇక మిగిలింది శుక్రవారం మూడు గంటల సమావేశం ఒక్కటే.

ఆ సోమవారం అసిస్టెంట్ రిజిస్ట్రార్ అదుసే ఆమె గదికి స్వయంగా వచ్చాడు. విశ్వవిద్యాలయం ఆమె సేవను గుర్తించి సన్మానం చేయదలచుకుందని, శుక్రవారం పదకొండు గంటలకు పెద్ద హాలులో సభ అని చెప్పాడు. అరబాకు సంతోషించాలో భయపడాలో తెలియలేదు. రోజు మార్చడం కుదురుతుందా అని అడిగింది. ఆహ్వానాలు వెళ్లిపోయాయట, వంటవాళ్లకు చెప్పేశారట. పదకొండుకు మొదలైతే ఒంటిగంటకల్లా ముగుస్తుంది కదా మేడమ్, అన్నాడతను. ఆ మాట అన్నవాడికీ నమ్మకం లేదు, విన్నావిడకూ లేదు. ఆ ఊళ్లో ఏ సభ చెప్పిన వేళకు ముగిసింది గనక.

కావాలనే ఆ రోజు పెట్టారా అన్న ఆలోచన ఆమెకు రాకపోలేదు. ఒకరి మీద అనుమానం పెట్టుకుని ప్రార్థనకు మోకరిల్లడం ఆమెకు చేతకాదు. అందుకని దాన్ని అక్కడే వదిలేసింది.

శుక్రవారం తెల్లవారి లేచి ఎప్పటిలాగే బైబిల్ చదువుకుంది. ప్రభువా, ఇది నీ పనేనా, నా మొండితనమా అని అడిగింది. ఈ ప్రశ్న ఆమె చాలా ఏళ్లుగా అడుగుతూనే ఉంది. భర్త ఫీఫీ రేవులో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆమె నీలిరంగు కొత్త గుడ్డ కట్టుకుని బయటికి రాగానే తేరిపార చూశాడు.

"పెళ్లినాడు కూడా ఇంత బాగా లేవు" అన్నాడు. "ఈ ఒక్కరోజైనా ఎవరి తలుపూ తట్టకు. కుర్చీలో కూర్చో."

"మూడింటికి సమావేశముంది."

"అయితే సన్మానం నీకు కాదు, నీ కాళ్లకు చేయాలి" అని అతను ఆమె చెప్పులు వంగి ముందుకు జరిపాడు.

పెద్ద హాలులో అరబా వేదిక మీద కూర్చుంది. కింద చూస్తే ఆమె మండలి సభ్యులు దాదాపు అందరూ ఉన్నారు. ఎన్నడూ గది దాటి రాని మతశాస్త్రం ఆయన, కుమాసీ అంత్యక్రియల ఆవిడ, వెనకే వస్తానని రానివాడు, అందరూ ఆమె కోసం ఒకే రంగు గుడ్డ కుట్టించుకుని మూడు వరుసలు నిండా కూర్చున్నారు. ఇంతమందిని ఒక్కచోట ఆమె ఏ సమావేశంలోనూ చూడలేదు. కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే అలవాటు కొద్దీ తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కోరం ఉంది. కోరానికి మించే ఉంది.

వైస్ ఛాన్సలర్ రావడమే ఆలస్యమైంది. ఆ పైన ప్రార్థన, గాయకబృందం, పూర్వ విద్యార్థుల తరఫున ఒకరు, పెద్దల తరఫున ఒకరు. సన్మానపత్రం చదివినాయన గొంతు బాగుంది. నిస్వార్థ సేవ, అలుపెరుగని దీక్ష, స్వయంపాలనకు మూలస్తంభం అని చదువుతుంటే అరబా ఆ మాటలు వేరే ఎవరి గురించో అన్నట్టు విన్నది. ఆమె ఇంకా సీనియర్ లెక్చరరే. తన దగ్గర చదివినవాళ్లు ప్రొఫెసర్లయ్యారు. పదోన్నతి అడిగిన ప్రతిసారీ పుస్తకాలేవీ అని అడిగారు, సేవ తూకానికి రాలేదు. ఇవాళ అదే సేవకు చెక్కఫ్రేము కట్టి చేతిలో పెట్టారు. ఆమెకు కోపం రాలేదు. రెండు చేతులతో అందుకుని, ఇది ఎక్కడ తగిలించాలి అనుకుంది. అలసట అంటే ఇదే కాబోలు, కోపం కూడా రానంత.

రెండు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చేసరికి మూడు కావస్తోంది. గోడవారగా వంటావిడ మాన్సా మనుషులు పెద్ద పెద్ద గిన్నెలు వరసగా పెట్టుకుని, ఫొటో అయ్యాక వడ్డించడానికి ఎదురుచూస్తున్నారు. టమాటాతో వండిన జొలోఫ్ అన్నం వాసన వేదిక దాకా వస్తోంది.

అరబా దేవుడికి, వైస్ ఛాన్సలర్‌కు, భర్తకు కృతజ్ఞతలు చెప్పింది. తరవాత మూడు వరుసల వైపు తిరిగింది.

"మూడింటికి సెమినార్ గదిలో మన సమావేశముంది. ఇవాళ కూర్చోకపోతే మన డీన్‌ను మనం ఎన్నుకోలేం. పదమూడో అంశం ఇక్కడుంది, మిగతా అంశాలు అక్కడున్నాయి. ముందు అవి చూసుకుని వద్దాం, లేవండి."

హాలు గొల్లున నవ్వింది. చప్పట్లు మారుమోగాయి. కార్యదర్శి సన్మానంలో కూడా కోరం కోసమే వెతుక్కుంటోందని ఒకరికొకరు చెప్పుకుని నవ్వారు. సన్మానం జరిగిన మనిషి చివర్లో ఒక జోకు వేయడం ఆనవాయితీ, ఇదీ అదే అనుకున్నారు. బ్యాండువాళ్లు వాయించడం మొదలుపెట్టారు. వరుసలన్నీ లేచాయి గాని తలుపు వైపు కాదు, ఆమె చుట్టూ నృత్యం చేయడానికి. అరబా వాళ్ల మధ్య నుంచి నవ్వుతూనే, అందరి భుజాలూ తడుతూనే దారి చేసుకుని బయటపడింది. ఫ్రేము కుర్చీలోనే ఉండిపోయింది.

సెమినార్ గదిలో ప్రొఫెసర్ ఆర్కా ఒక్కరే ఉన్నారు. డీన్ సెలవులో ఉండడం వల్ల సమావేశానికి అధ్యక్షుడాయనే. పెద్దాయన, చెవులు సరిగా వినబడవు, హాలులో ఆ గోల పడక, ముందే ఇక్కడికి వచ్చి కునుకు తీస్తున్నారు. అరబా వచ్చిన అలికిడికి లేచి, అందరూ వచ్చారా అని అడిగారు. వస్తున్నారండీ, అన్నదామె. ఆ తరవాత మెల్లగా నలుగురైదుగురు చేరారు. నిబంధన ప్రకారం అరగంట చూడాలి. చూస్తూ కూర్చున్నారు. కిటికీలోంచి బ్యాండు వినబడుతూనే ఉంది.

టెట్టే లాంప్టే చెమటలు కక్కుతూ వచ్చాడు. గదంతా ఒకసారి కలియజూసి, ఆమె పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఆ హాజరు కాగితం ఇటివ్వక్కా" అని గొంతు తగ్గించాడు. "హాలులోకి తీసుకెళ్తా. అందరి సంతకాలూ నిమిషంలో అయిపోతాయి. అందరూ నీకోసం వచ్చినవాళ్లే, కాదనేవాడు ఒక్కడు లేడు. తీర్మానం నువ్వు రాసెయ్."

అది కొత్త సంగతేమీ కాదు. ఇతర మండలుల్లో కాగితం ఒక్కటే నడిచొచ్చి కోరం నింపిన రోజులున్నాయని అందరికీ తెలుసు. అడిగేవాళ్లు లేరు. ఒక్క సంతకాల వరుసతో ఎన్నిక దక్కుతుంది, పెద్దలు సాధించింది నిలబడుతుంది. దేవుడు మాత్రం ఇంత చిన్నదానికి ఏమంటాడు? అరబా కాగితం మీద చెయ్యి పెట్టింది. చెయ్యి తీయలేదు.

"వద్దు టెట్టే. కూర్చోనివాళ్లు కూర్చున్నారని రాసి, మమ్మల్ని మేమే పాలించుకుంటామంటే ఎలా?"

"దేవుడు మన హాజరుపట్టీ చూడడక్కా."

"ఆయన చూడకపోవచ్చు. రాసేది నేను. నాకు తెలుస్తుంది."

"అయితే పోనీ, పోగొట్టుకుందాం. నీతిగా పోగొట్టుకుందాం." అతను విసురుగా లేచి వెళ్లిపోయాడు.

ఆ మాట గుచ్చుకుంది. నిజమేనేమో. తన చేతులు శుభ్రంగా ఉండడం కోసం అందరి హక్కుకూ నీళ్లొదులుతోందేమో. ఇన్నేళ్లు తిండి చూపించి ఓట్లు వేయించిన మనిషికి, ఇవాళ ఈ పట్టింపు ఎక్కడిదని దేవుడు అడిగితే ఏం చెప్పాలి? అరబా కళ్లు మూసుకుంది గాని ప్రార్థన రాలేదు. నిద్ర వచ్చేలా ఉంది. ఎదురుగా ప్రొఫెసర్ ఆర్కా గడియారం తీసి చూస్తున్నారు. గడువు ఇంకా తీరలేదు, తీరడానికి ఎంతోసేపు పట్టదు.

అప్పుడు మెట్ల మీద చప్పుడైంది. ముందు మాన్సా, తలమీద గిన్నె. వెనక ఆమె మనుషులిద్దరు, తలమీద గిన్నెలు. ఆ వెనక ప్లేట్ల బుట్ట మోసుకుని టెట్టే. వాళ్ల వెనక, ఒకే రంగు గుడ్డలు కట్టుకున్న మండలి సభ్యులు రొప్పుతూ, సణుగుతూ, అన్నం ఎక్కడికి తీసుకెళ్తున్నారని అడుగుతూ మెట్లెక్కి వస్తున్నారు. మూలబల్ల మీద గిన్నెలు దిగాయి. కుర్చీలు నిండాయి. వెనకే వస్తానన్నవాడు ఈసారి నిజంగానే వెనకే వచ్చాడు.

అరబా టెట్టేను దగ్గరకు పిలిచింది. "మాన్సాకు అబద్ధం చెప్పావా?"

"లేదక్కా. సన్మానం ఎవరికి, అరబా మేడమ్‌కు. ఆవిడ ఎక్కడుంటే విందు అక్కడే కదా అన్నాను. ఇందులో అబద్ధమేముంది?"

మాన్సా మూత మీద చెయ్యి వేయబోతుంటే అరబా "ఇప్పుడే వద్దు" అని ఆపింది. గదంతా మూలిగింది.

తలలు లెక్కపెట్టింది. సరిపోయాయి. హాజరు కాగితం ఒక్కో చేతికీ వెళ్లి వచ్చింది. ప్రొఫెసర్ ఆర్కా తీర్మానం చదివారు. వెనక వరుసలో ఒకాయన దేని గురించి ఇదంతా అని పక్కవాణ్ణి అడగడం వినబడి, అరబా లేచి మళ్లీ మొదటి నుంచి చెప్పింది. వాళ్ల కళ్లు ఆమె మీద కొంచెం, గిన్నెల మీద కొంచెం ఉన్నాయి. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. ఎన్నిక తేదీ ఖాయమైంది. ఆమె ఆ వాక్యాన్ని మినిట్స్‌లో రాసుకుంది.

ఆ తరవాత ఎవరినీ ఆపలేదు. అందరూ తిన్నారు, ఆమెను కౌగిలించుకున్నారు, ఎంత గొప్ప సభ జరిగిందని మెచ్చుకున్నారు. మెచ్చుకున్నది హాలులో సభనే. ఈ గదిలో జరిగినదాన్ని గురించి ఎవరూ ఏమీ అనలేదు. టెట్టే ఆమెకిష్టమని గిన్నె అడుగున మాడిన అన్నం గీకి ప్లేటులో పెట్టి తెచ్చి, ఫ్రేము హాలులోనే ఉండిపోయినట్టుంది, తేనా అని అడిగాడు.

"సోమవారం చూద్దాంలే" అన్నదామె.

అతనూ వెళ్లాక గదిలో ఆమె, మాన్సా మిగిలారు. వీళ్లు అన్నం కోసం వచ్చారా, హక్కు కోసం వచ్చారా అని అరబా మాడు నములుతూ ఆలోచించింది. బైబిల్లో ప్రభువు అయిదువేల మందికి రొట్టెలు పంచిన రోజున కొండమీద కూర్చున్నవాళ్లలో మాట కోసం వచ్చినవాళ్లెందరో, రొట్టె కోసం వచ్చినవాళ్లెందరో. ఆయన విడదీసి అడిగినట్టు ఎక్కడా రాసి లేదు. అడగలేదా, అలిసిపోయి ఊరుకున్నాడా?

ప్లేటు పక్కన పెట్టి, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టింది. సమావేశం తరవాత ఎప్పుడూ చేసే పనే. నీలి గుడ్డ అంచు కాళ్లకు అడ్డం పడుతుంటే పైకి దోపుకుంది. గిన్నె తలకెత్తుకుని గుమ్మం దాటుతున్న మాన్సా ఒక్క క్షణం ఆగింది. పొలంలోనో, రేవులోనో, రోడ్డు పక్కనో, పనిచేస్తూ కనబడిన ఏ మనిషినైనా వాళ్ల కష్టాన్ని మెచ్చి అక్కడ పలకరించే మాటే అన్నది.

"అయెకూ, మేడమ్."

పొద్దుటి నుంచి ఇన్ని ఉపన్యాసాల్లో ఆ మాట ఒక్కరూ అనలేదని అరబాకు అప్పుడు తట్టింది.

"యా ఎయ్" అని ఆ మాటకు ఇవ్వాల్సిన బదులు ఇచ్చి, ఇంకో కుర్చీ అందుకుంది.