గీతలో గొంతు

ఆదివారం వచ్చిందంటే ఆవిడ ఇంట్లో ఏదో ఒకటి ఉతక్కుండా, దులపకుండా ఊరుకోదు. ఆ ఆదివారం కర్టెన్ల వంతు వచ్చింది. స్టూలెక్కి, కర్టెన్లు వేలాడే ఇనప కడ్డీని కొక్కేల మీంచి ఎత్తింది. చెయ్యి జారింది. కడ్డీ పక్కనే ఉన్న టీవీ అద్దాన్ని బర్రున గీసుకుంటూ కిందపడింది.

కిటికీ దగ్గర కుర్చీలో ఉన్న ఆవిడ భర్త తల తిప్పి చూశాడు. ఇదివరకటి మనిషైతే "ఇల్లు కూలిందా, ఇంకా నిలబడే ఉందా?" అని అక్కణ్ణుంచే కేకేసేవాడు. ఇప్పుడు ఊరికే చూసి, మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

ఆయన్ని అందరూ అనౌన్సరు గారనే పిలిచేవాళ్లు. బతుకంతా బస్టాండులో మైకు ముందే గడిచింది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లాడు తప్పిపోయి ఏడుస్తున్నాడో, అన్నీ ఆ గొంతే చెప్పేది. కూరగాయల కొట్లో "అరకిలో టమాటాలు" అనగానే మొహం ఎరగనివాళ్లు కూడా వెనక్కి తిరిగి "మీరు బస్టాండు అనౌన్సరు గారు కదూ!" అనేవాళ్లు.

కిందటేడు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ మళ్లీ స్వాధీనంలోకి వచ్చాయి గానీ మాట రాలేదు. మాట నేర్పే డాక్టరమ్మ "రోజూ ప్రయత్నించండి, మెల్లిగా వస్తుంది" అంది. మొదట్లో ప్రయత్నించాడు. తన నోట్లోంచి వచ్చే బొంగురు చప్పుడు తనకే రోత పుట్టించింది కాబోలు, ఒకరోజు పెదాలు బిగించేశాడు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లడమూ మానేశాడు.

ఆవిడ టీవీ ముందు కూలబడింది. పిల్లలు బళ్లో చేరిన ఏడు కొన్న డబ్బా టీవీ అది. అద్దం మీద మూడు గీతలు. ఒకటి ఈ మూల నుంచి ఆ మూల దాకా, మిగతా రెండూ పొట్టివి. ఎంత లోతుగా పడ్డాయో చూద్దామని ఒక పొట్టిగీత మీద గోరు పెట్టి జరిపింది.

"ఏమోయ్, నా కళ్లజోడు చూశావా?"

"మీ నెత్తిమీదే ఉంది" అంది ఆవిడ, అలవాటు కొద్దీ. అనేసి గిరుక్కున వెనక్కి తిరిగింది. ఆయన నోరు కదిలినట్టు లేదు. మళ్లీ గోరు జరిపింది. మళ్లీ అదే మాట, అదే నిండు గొంతు. అన్నేళ్లూ ఆ టీవీ ముందు మాట్లాడిన మాటలు అద్దంలోకి ఇంకిపోయి ఉన్నాయి. గీత పడ్డచోట బయటికొస్తున్నాయి.

కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆ పిల్ల కాపరానికి వచ్చేటప్పటికే ఆయనకి మాట పోయింది.

"మామయ్య గారి గొంతు ఇంత బాగుండేదా అత్తయ్యా?"

"ఇంకా బాగుండేది" అంది ఆవిడ, పొడుగు గీత మీద గోరు పెడుతూ.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. హాలు నుంచి వంటింటికి వెళ్లు బస్సు మరికొద్ది సేపట్లో బయలుదేరును. కరెంటు పోయినందున ప్రయాణికులు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని నడవవలెను. ఎవరి కంచం వారే తెచ్చుకొనవలెను."

వెనకాల ఇద్దరు పిల్లల పకపకలు. "నాన్నా, మరి టిక్కెట్టో?"

"టిక్కెట్టు మీ అమ్మ కొడుతుంది. అల్లరి చేస్తే దారిలోనే దించేస్తుంది."

నవ్వుతూనే ఆవిడ కళ్లు తుడుచుకుంది. తల ఎత్తి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు.

సాయంత్రం కొడుకు విని, "ఆ రోజు ముందు నడిచింది నేనే. అక్క నా చొక్కా చింపేసింది" అన్నాడు. ఎదురింటి టీచరమ్మ కూడా వచ్చి విని, స్పష్టంగానే ఉందని మెచ్చుకుంది.

"వద్దనుకుంటే టూత్‌పేస్టు రాసి మెత్తటి గుడ్డతో రుద్దండి, పోతాయి. మా బీరువా అద్దానికి అలాగే చేశాం. మా అత్తగారి గొణుగుడు వినలేక చచ్చామనుకోండి."

మర్నాడు కూడా ఆయన సరిగ్గా తినకుండానే కంచంలో చెయ్యి కడిగేసి లేచిపోయాడు. అది చూసి కోడలి మనసు ఆగలేదు. ఎవరితోనూ చెప్పకుండా టూత్‌పేస్టు తెచ్చి, ఇంకా ఎవరూ వినని పొట్టిగీతతో మొదలుపెట్టింది. రుద్దుతుండగా ఎవరో వచ్చి మణికట్టు పట్టుకున్నారు. మామగారు. అప్పటికే ఆ గీత మాయమైంది. అందులో ఏముందో ఇక ఎవరికీ తెలియదు.

"మీరు బాధపడుతున్నారని, మామయ్య గారూ..." అంది కోడలు ఏడుపు గొంతుతో.

ఆయన ఆ పిల్ల తల నిమిరాడు. గుడ్డ తీసుకుని పక్కన పెట్టాడు. స్టూలు జరుపుకుని కూర్చుని, పొడుగు గీత మీద తన గోరు పెట్టాడు.

అప్పటినుంచీ రోజూ అదే పని. గీతలోని గొంతు పలుకుతుంటే ఈయన పెదాలు కదిపేవాడు. కొన్నాళ్లకి పెదాల మధ్య నుంచి గాలి వచ్చింది. ఆ తర్వాత "ప్ర" వచ్చింది. ఆవిడ సంతోషం పట్టలేకపోయింది.

తర్వాత గీత పల్చబడటం గమనించింది. విన్నకొద్దీ అరుగుతోంది. గొంతు గోడ అవతల నుంచి వస్తున్నట్టుంది.

"ఆగండి" అంది ఒకరోజు ఉండబట్టలేక. "ఇలాగైతే పూర్తిగా పోతుంది. కాస్త మిగలనివ్వండి, నాకోసమైనా."

ఆయన చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆవిడ టీవీ మీద దుప్పటి కప్పింది. ఆయన మళ్లీ కిటికీ దగ్గరికి చేరాడు. పెదాలు మళ్లీ బిగుసుకున్నాయి.

దుప్పటి కింద తన సొమ్ము భద్రంగానే ఉంది. అయినా ఆవిడకి ముద్ద దిగలేదు. అటు చూస్తే నోరెత్తని మనిషి, ఇటు చూస్తే ముసుగేసిన గొంతు. ఇందులో తాను ఎవరితో కాపురం చేస్తున్నట్టు?

ఒక మధ్యాహ్నం దుప్పటి లాగేసింది. ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఆ వేలు తానే గీత మీద పెట్టింది.

"వాడుకోండి. మీ గొంతే కదా."

"నీకు?" అన్నట్టు చూశాడు ఆయన.

"నాకు మీరున్నారు. కానివ్వండి."

"బస్సు" అన్న మాట మొట్టమొదట పూర్తిగా వచ్చింది. కోడలు చప్పట్లు కొట్టింది. తర్వాత "కంచం". "వలెను" మాత్రం నానా తిప్పలూ పెట్టింది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లడం మళ్లీ మొదలైంది. వానలు మొదలయ్యేసరికి పొడుగు గీతా, కళ్లజోడు గీతా రెండూ నున్నగా అరిగిపోయాయి. ఆవిడ ఒకసారి అద్దం మీద అరచేయి పెట్టి చూసుకుంది.

ఒక పొద్దున ఆవిడ అంట్లు తోముతుంటే ఫోన్ మోగింది. కోడలు బజారుకెళ్లింది.

"ఏమండీ, కాస్త ఆ ఫోన్ ఇలా అందిస్తారా?" అని కేకేసింది.

మోత ఆగింది. ఆయన రాలేదు. చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది. ఆయన రెండు చేతులతో ఫోన్ చెవికి ఆనించుకుని ఉన్నాడు.

"హ... లో."

"హలో, ఎవరండీ మాట్లాడేది? అమ్మ లేదా?" పక్క ఊళ్లో ఉద్యోగం చేస్తున్న కూతురు.

ఆయన మొహం పాలిపోయింది. ఆవిడ గబగబా చెయ్యి చాచింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నా... న్నని." బొంగురుగా, వంకరటింకరగా, ఎక్కడా ఇదివరకటి గొంతు ఛాయ లేకుండా వచ్చింది ఆ మాట. "నాన్నని... తల్లీ."

అవతల ముక్కు చీదిన శబ్దం. ఆ వెంటనే కూతురు వరదలా మొదలుపెట్టింది. "నాన్నా, నీకు మాట ఎప్పుడొచ్చింది, ఎవరూ చెప్పలేదేం, డాక్టరమ్మ ఏమంది, అసలు నువ్వు..."

"ఆగు" అన్నాడు ఆయన. "నేను... చెప్తా."

కూతురు ఆగింది. ఆవిడ ఆయన కుర్చీ పక్కనే నేల మీద చతికిలబడింది. ఏడాది పాటు పోగైన కబుర్లు ఆయన దగ్గరున్నాయి. తొందరేమీ లేనివాడిలా, ఊపిరి నింపుకుని, మొదటి మాట కోసం వెతుక్కోసాగాడు.