హోట్గి రోడ్ వైపు గుంజే బండి

నీలం నగర్‌లో మగ్గాలు మొదలయ్యే వేళకు సిద్ధరాములు పికప్ బండి గల్లీలోకి వస్తుంది. టవళ్ళ మూటలు ఎక్కించుకుని దుకాణాలకు చేరుస్తాడు. పద్దెనిమిదేళ్ళ పాత బండి, ఒకసారి పోయిన తొవ్వను మరవదు. కొంతం చౌక్‌లో ఓ వర్తకుడు దుకాణం మార్చినా, ఆరు నెలల దాకా పాత గుమ్మం ముందే ఆగింది. గల్లీలో అందరికీ తెలిసిన సంగతే. కొత్త చోటికి సరుకు పంపాలంటే, "ఒక్కపారి దానికి జాగ చూపియ్యి" అనేవాళ్ళు.

ఈ మధ్య స్టీరింగు వదులైంది. నాలుగు వేళ్ళంత తిప్పినా టైర్లు కదలవు. పైగా హోట్గి రోడ్ మలుపు రాగానే బండి ఎడమకు గుంజుతోంది. మొన్న ఒక స్కూటరు వెంట్రుకవాసిలో తప్పించుకుంది.

మెకానిక్ మంగేశ్ బండి కిందికి దూరి, "కాకా, స్టీరింగు అటు ఇటు ఆడియ్యి," అన్నాడు. సిద్ధరాములు ఆడించాడు.

"దొరికింది. టై రాడ్ కొసలు అరిగినయ్."

కొత్తవి వేసి, స్టీరింగు బాక్సు స్క్రూ కాస్త బిగించాడు. ఇద్దరూ ఎక్కి చూశారు. ఇప్పుడు వేలు కదిపితే టైరు కదులుతోంది. కానీ హోట్గి రోడ్ మలుపు రాగానే మళ్ళీ ఎడమకే గుంజింది.

"ఇది లూజు గాదు కాకా, తొవ్వ యాది చేసుకుంటున్నది. యాదిని నేనెట్ల బిగిస్త?"

"నేనెన్నడు అటు పోలేదురా."

"మరెవరు తోలిన్రు?"

ఈ మధ్య దారం తేవాలని తమ్ముడు మహేశ్ మధ్యాహ్నాలు బండి అడిగి తీసుకుపోతాడు. కొంతం చౌక్ దాకానే అంటాడు. సిద్ధరాములు స్టీరింగు మీద పట్టు సడలించాడు. బండి మెల్లగా తిరిగి, రెండు సందులు దాటి, ఒక రేకుల షెడ్డు ముందు ఆగింది. లోపల చేతిమగ్గం చప్పుడు. ఆ చప్పుడు ఏ మగ్గానిదో ఆయనకు చూడకుండానే తెలిసింది.

నాలుగేళ్ళ కింద ఆయన కామెర్లతో దవాఖానలో పడి ఉంటే, మహేశ్ మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు. "అన్నా, నాయిన మగ్గం చెదలు తిన్నది. పొయ్యిల పెట్టినం." ఆ మగ్గం మీద గోడ పరదాల బొమ్మలు నేసిన సిద్ధరాములు చేతులు అప్పటి నుంచి స్టీరింగు పట్టాయి. ఆ రోజు ఏడుస్తున్న తమ్ముణ్ణి తనే ఓదార్చాడు.

మగ్గం మీద నెమలి పరదా సగం నేసి ఉంది. ఆ నెమలి సిద్ధరాములు గీసిందే. అన్నను చూసి మహేశ్ లేచి నిలబడ్డాడు.

"నువ్వు నేసినన్ని దినాలు పరదాలన్ని నీ పేరు మీదనే పోతుండె. నేను నేస్తనంటె నన్నెవరడిగిన్రన్నా?"

"నువ్వడిగితె ఇయ్యకపోదునారా?" అన్నాడు సిద్ధరాములు. "కాల్చినం అన్నవు. పొయ్యిల బూడిదకు దండం పెట్టిన గదరా!"

సిద్ధరాములు బండి తాళం చెవి తమ్ముడి చేతిలో పెట్టాడు. "ఇగ బండి నువ్వు తోలు. మగ్గం మీద నేను కూసుంట."

సాయంత్రానికి మంగేశ్ సాయంతో మగ్గం విప్పి నీలం నగర్‌కు తెచ్చుకున్నారు. మర్నాటి నుంచి మూటలు మహేశ్ మోస్తున్నాడు. మోసంతో నేసిన ఆ సగం పరదా కోసిపారేయమన్నారు గల్లీవాళ్ళు. సిద్ధరాములు వినలేదు, తమ్ముడు ఆపిన చోటి నుంచే అందుకున్నాడు. మూడో రోజు మహేశ్ గుమ్మంలో నిలబడి, "అన్నా," అని పిలిచాడు. సిద్ధరాములు తల తిప్పకుండా, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో దారం కండె మార్చి, నేత సాగించాడు.