సెర్వా సీటుకు మోటార్లు

ఆ వారంలో అంప్రోఫో మనసు నాలుగుసార్లు మారింది.

అతను కుమాసీ నగరంలో సుఆమే అనే పేటలోని బండ్ల మరమ్మతు షెడ్లలో వెల్డింగు పనివాడు. వాళ్లకు ఫ్రేమా అని ఒక కూతురు. భార్య సెర్వా సరుకు లారీ నడిపేది. మాంపాంగ్ మలుపులో యామ్ దుంపల లోడుతో ఆమె లారీ పక్కకు పడిపోయింది. ఎముకలు అతుక్కున్నాయిగానీ, స్టీరింగు ముందు కూర్చుంటే చేతులు చల్లబడిపోతున్నాయి. నెలాఖరులోగా రాకపోతే లారీ ఇంకొకరికి ఇస్తామని యూనియన్ వాళ్లు మర్యాదగానే కబురు పెట్టారు.

అందుకే అంప్రోఫో ఇంటి వెనక రేకుల కింద, భయం పోయేదాకా ఆమె నడిపి చూసుకోవడానికి ఒక సీటు కడుతున్నాడు. అడుగున ఎటైనా వంగే పాత బస్సు క్రాస్ జాయింటు, దాని మీద లారీ సీటు, ముందు టీవీ తెర, కంప్యూటర్ ఆటలకు వాడే స్టీరింగు. తెర మీద రోడ్డు వంపు తిరిగితే సీటూ ఒరగాలి. ఒరిగించడానికి వెనక రెండు మోటార్లు కావాలి. ఏవి పెట్టాలన్నదే తెగడం లేదు.

డాబాల మీద తుప్పుపడుతున్న పెద్ద టీవీ డిష్‌లను తిప్పే మోటారు కడ్డీలు ఊళ్లో కావలసినన్ని. అవి నిదానంగా సాగుతాయి, ముడుచుకుంటాయి. కరెంటు పోయినా ఉన్నచోటే బిగుసుకుని ఉంటాయి. మనిషి బరువు వాటికి ఓ లెక్క కాదు. లేదంటే పాత బస్సుల వైపర్ మోటార్లు. అవి చురుకైనవే, కాని బరువు పడితే మొరాయిస్తాయి.

పొద్దుటి ప్రార్థనలో ఈ సంగతి కూడా దేవుడి ముందు పెట్టాడు. మోటార్ల గురించి ఆయన్ను అడగొచ్చా అని వెంటనే అనుమానం వచ్చింది. ఇంటి రేకులు కారుతున్నాయని చెప్పుకున్నప్పుడు విన్నాడుగా, ఇదీ వింటాడులే అనుకున్నాడు. కానీ జవాబు మాత్రం పక్క షెడ్డు మెకానిక్ న్యార్కో మాస్టర్ నుంచి వచ్చింది.

"ఒకసారి పడ్డ మనిషిని మళ్లీ కుదుపుతావా? డిష్ కడ్డీలే పెట్టు. ఊయలలా ఉంటుంది."

అవే బిగించాడు. శనివారం సెర్వా ఎక్కింది. మొదటి మలుపులో స్టీరింగు తిప్పింది. సీటు కాసేపు ఆలోచించినట్టు ఆగి, మలుపు దాటిపోయాక ఒరగడం మొదలుపెట్టింది. ఆమె స్టీరింగు సరిచేసుకున్నా అది ఇంకా ఎడమకే వాలుతోంది. మూడో మలుపుకల్లా ఆమె మొహం పాలిపోయింది. దిగి నేల మీద కూలబడింది.

తల తిరుగుతోందా అని అడిగాడు.

"తల కాదు. ఆ రోజు లారీ అచ్చం ఇట్లాగే చేసింది. నేను తిప్పేశాను. దుంపల బరువు ఆ తర్వాత ఒరిగి వచ్చింది. ఇది నీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ఆమెకు ఏమీ కాకూడదని ఏరి ఏరి తెచ్చిన నిదానమే ఆమె భయమని అతనికి అప్పుడు తెలిసింది.

మర్నాడు చర్చిలో ప్రసంగం చెవికెక్కలేదు. పాటల కాగితం వెనక మోటారుకుండే కడ్డీ చెయ్యి బొమ్మ గీస్తూ కూర్చుని, గీస్తున్నందుకు సిగ్గుపడి, మళ్లీ గీశాడు. బరువు మోసే పని మోటారే ఎందుకు చెయ్యాలి? ఆ సంగతి స్ప్రింగులు చూసుకుంటే మోటారు వంచితే చాలు. సోమవారం సీటు కింద వ్యాను స్ప్రింగులు నిలబెట్టి, బలం పెరిగేలా వైపర్ మోటార్ల కడ్డీ చేతులు సగానికి కోసి బిగించాడు.

"ఏమ్మా వైపర్లూ, నన్ను తుడిచేయరు కదా," అంటూ సెర్వా ఎక్కింది.

ఈసారి సీటు ఆమె చేతితో పాటే కదిలింది. రెండు మలుపులు, అయిదు, తొమ్మిది. తెర మీద అడ్డొచ్చిన బండివాణ్ని తిట్టింది. తర్వాత ఒంటి చేత్తో నడిపింది. స్విచ్చి పట్టుకుని నిలబడ్డ అంప్రోఫో చొక్కా చెమటకు తడిసిపోయింది.

"నా లారీ ఇంతకన్నా మొరటుది," అంది దిగుతూ. "రేపే వస్తున్నానని యూనియన్‌లో చెప్పు."

ఇంకో వారం ఇందులోనే కూర్చుంటే మంచిదేమోనని అతను నసిగాడు.

"ఫ్రేమా నాన్నా, దీన్ని నన్ను లారీ ఎక్కించడానికి కట్టావా, దించడానికా?"

అతను స్విచ్చి ఆపేశాడు. తను కోరుకున్నది ఇదే, దేవుడు ఇచ్చిందీ ఇదే. కృతజ్ఞత చెప్పాలని కళ్లు మూసుకుంటే మాంపాంగ్ మలుపే కనిపించింది. బూట్లు వేసుకుని, చేతులు కూడా కడుక్కోకుండా యూనియన్ ఆఫీసు వైపు నడిచాడు. దారిలో రెండుసార్లు ఆగాడు, మళ్లీ నడిచాడు.