బాగుందని చెప్పిన మెయిల్

తొమ్మిదేళ్లుగా ఆ బ్లడ్ బ్యాంకులో డేటాబేసుల బాధ్యత ఆమెదే. దాతల వివరాలు, రక్తం గ్రూపులు, ఏ సంచీ ఏ అరలో ఉంది, ఎప్పటిలోగా వాడాలి, అన్నీ ఆమె చూసుకునే పద్నాలుగు సర్వర్లలోనే ఉండేవి. ఆఫీసులో అందరూ ఆమెను కాపలా అక్క అనేవారు. ఉదయం ఎనిమిదింటికి కుర్చీలో కూర్చుని, ఒక్కో సర్వర్ తెరిచి, రాత్రి తీసిన నకలు, అదే బ్యాకప్, వచ్చిందా లేదా, డిస్కులో చోటెంత మిగిలింది అని చూసి, నోటుపుస్తకంలో టిక్కు పెట్టుకుంటూ పోతే పదిన్నరయ్యేది. పక్కన పెట్టుకున్న టీ చల్లారి తొరక కట్టేది.

ఒకసారి జ్వరమొచ్చి నాలుగు రోజులు మంచం దిగలేదు. ఆ నాలుగు రోజులూ ఆ సర్వర్ల వంక చూసిన నాథుడు లేడు. తిరిగొచ్చి నోటుపుస్తకంలో ఖాళీ గళ్లు చూసుకుంటే ఆమెకు కోపం రాలేదు, సిగ్గేసింది. మనిషి పడుకుంటే పడుకునే పని ఇదేం పని అనుకుంది. నెల తిరక్కుండా కంప్యూటరే తనంతట తాను నడిపే ఒక చిన్న ప్రోగ్రాము, స్క్రిప్టు, రాసింది. ఆమె రోజూ కళ్లతో చూసేవన్నీ అదే చూసి, ఎనిమిది కొట్టేసరికి పద్నాలుగు వరుసల మెయిల్ పంపేది. ప్రతి వరుస చివరా ఒకటే మాట: బాగుంది.

విభాగం పెద్దాయన మురిసిపోయాడు. పైవాళ్ల సమావేశంలో ఆ మెయిల్ తెర మీద పెట్టి మరీ చూపించాడట.

రెండున్నర గంటలు చేతిలో మిగిలాయి. ఆ మిగులే ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు. సొరుగులు సర్దింది. సర్దినవే మళ్లీ సర్దింది. కాలుగాలిన పిల్లిలా వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగి, వచ్చి మళ్లీ అదే మెయిల్ తెరిచేది. టిక్కులు పెట్టే రోజుల్లో అలసిపోయేది గానీ, లోపల ఇలా పీకుతూ ఉండేది కాదు.

ఇంట్లోనూ అంతే. సాయంత్రం అన్నం కలుపుకుంటూ కూడా ఫోన్ చూస్తుంటే, మేడ మీద ఉండే ఆడపడుచు చూసి ఊరుకోలేకపోయింది. రెండేళ్ల కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగింది.

"అంతా బాగానే ఉందంటోంది కదా వదినా, ఇంకెందుకు నీకీ తిరుగుడు?"

"అదే నాకూ తెలీడం లేదు. నలభై రోజులైంది, ఒక్కటంటే ఒక్క తప్పు చూపించలేదు."

"నలభై రోజులా? వీడు పావుగంట చప్పుడు చేయకపోతే నేను లేచెళ్లి చూస్తాను. నువ్వు చూశావా?"

ఆమె ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయింది.

చూడటమంటే, బ్యాకప్‌ను ఒక ఖాళీ సర్వర్‌లోకి ఎక్కించి, అది నిజంగా పనికొస్తుందో లేదో తేల్చుకోవడం. ఒప్పుకోవాలంటే, చేత్తో టిక్కులు పెట్టిన తొమ్మిదేళ్లలోనూ ఆమె ఆ పని చేసింది మూడుసార్లకు మించదు. మర్నాడు ఆఫీసుకు వెళ్తూనే దాతల డేటాబేసు బ్యాకప్ తీసి ఎక్కించింది. తెరుచుకుంది. ఊపిరి పీల్చుకుని, చివరగా నమోదైన దాత ఎవరో దాన్ని అడిగింది. పేరు పక్కన తేదీ చూసింది. మూడు వారాల కిందటిది.

కారణం వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. మూడు వారాల కిందట ఆమే ఆ డేటాబేసును కొత్త డిస్కుకు మార్చింది. బ్యాకప్ తీసే ప్రోగ్రాముకు ఆ సంగతి చెప్పలేదు. అది రోజూ పాత డిస్కులోని పాత సరుకునే కొత్త తేదీ వేసి దాచిపెడుతోంది. ఫైలుందా, తేదీ ఇవాళ్టిదేనా, సైజు సరిపోయిందా అని మాత్రమే అడగమని ఆమె స్క్రిప్టుకు నేర్పింది. లోపలేముందో అడగమని నేర్పలేదు.

వెంటనే కొత్త బ్యాకప్ మొదలుపెట్టింది. యాభై నిమిషాల పని. అద్దాల గోడకు అవతల కౌంటర్లో దాతలు వరసగా పేర్లు చెబుతున్నారు. ఈ క్షణంలో డిస్కు కాస్తా పోతే మూడు వారాల మనుషులు లెక్కలోంచి పోయినట్టే. ఆమె కూర్చోలేక, లేచి వెళ్లనూ లేక, కుర్చీ వీపు పట్టుకుని నిలబడే ఉంది. నూటికి నూరు అయ్యాక అదీ ఎక్కించి, చివరి పేరు ఆ ఉదయం కౌంటర్లో నమోదైనదేనని చూసుకున్నాక గానీ కుర్చీ వదల్లేదు.

అక్కణ్నుంచి నేరుగా పెద్దాయన గదికి వెళ్లి దాచకుండా అంతా చెప్పింది. ఆయన ముఖంలో రంగు మారింది.

"ఇది ఇంకెవరికైనా తెలుసా అమ్మా?"

"తెలీదు సార్. కానీ చెప్పాలి. ఆ మెయిల్ చూసి నిశ్చింతగా ఉన్నవాళ్లందరికీ చెప్పాలి."

సమావేశంలో తానన్న మాటలు ఆయనకు గుర్తొస్తున్నాయని ఆమెకు అర్థమైంది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"రాయి. కింద నా సంతకం కూడా పెడతాను."

పైనుంచి చీవాట్లు వచ్చాయి, ఇద్దరూ పంచుకున్నారు. ఆమె స్క్రిప్టును మళ్లీ రాసింది. ఇప్పుడది ఒక్కో బ్యాకప్‌నూ ఖాళీ సర్వర్‌లోకి ఎక్కించి, చివరి నమోదును అసలుదానితో పోల్చి చూస్తుంది. తేల్చలేకపోతే 'తెలియదు' అని రాస్తుంది. మొదటి వారంలోనే రెండు సర్వర్లకు 'తెలియదు' వచ్చింది. ఆమె కొంగు దోపి పనిలోకి దిగింది, విచిత్రంగా ఆ వారమే కడుపునిండా తింది. అయినా గురువారం గురువారం ఒక సర్వర్‌ను తనే తెరిచి చూస్తుంది. లోపలి పీకుడు పూర్తిగా పోలేదు, దాన్ని పోగొట్టుకోవాలనీ ఆమెకు లేదు.

ఈమధ్య కౌంటర్ గుమాస్తా వచ్చి, రోజూ సాయంత్రం తను రాసే దాతల జాబితాను కూడా యంత్రానికి అప్పజెప్పొచ్చా అని అడిగాడు. ఆమె పక్క కుర్చీ లాగి కూర్చోమంది.

"ముందు మీరెలా రాస్తారో చూపించండి. తప్పు దొర్లితే మీకెలా తెలుస్తుందో, అదీ చెప్పండి."