నీలి చుక్క

మా అమ్మాయిని ఇంట్లో వసపిట్ట అంటాను. మాటలు వచ్చిన రోజు నుంచి అది ఆపిన పాపాన పోలేదు. స్నానాల గదిలోంచి మాట్లాడుతుంది, అన్నం నములుతూ మాట్లాడుతుంది, నిద్రలో కూడా ఎవరితోనో వాదన పెట్టుకుంటుంది. కాస్త నోటికి తాళం వెయ్యవే తల్లీ అని రోజుకి పదిసార్లు అనేవాణ్ణి. ఆ మాట అన్నందుకు ఇప్పుడు నా నోరు నేనే కొట్టుకోవాలనిపిస్తోంది.

దానికి పదమూడేళ్ళు. ముందు పళ్ళు రెండు బస్సులో సీటు కోసం తోసుకున్నట్టు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. పళ్ళ డాక్టరమ్మ చూసి అలైనర్లు పెట్టాలంది. అంటే పల్చటి ప్లాస్టిక్ తొడుగులు, పైకొకటి, కిందకొకటి. పెట్టుకున్నట్టే కనపడవు. రెండేసి వారాలకి ఒక జత, మొత్తం ఇరవై నాలుగు జతలు. రోజుకి ఇరవై రెండు గంటలు నోట్లో ఉండాలి. తినడానికీ, తోముకోవడానికీ కలిపి రెండు గంటలు మాత్రం తీయొచ్చు. తీసినప్పుడు చన్నీళ్ళతో కడగాలి, మెత్తటి బ్రష్షుతో రుద్దాలి, డబ్బాలోనే పెట్టాలి. కాగితంలో చుట్టి పెట్టినవాళ్ళందరూ తర్వాత చెత్తబుట్టలో వెతుక్కున్నారట. వేడినీళ్ళు మాత్రం తగలనివ్వొద్దు, వంకర పోతాయి అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. నేనూ, వాళ్ళమ్మా పక్కపక్కనే కూర్చుని బుద్ధిగా తలలూపాం.

మేం విడిపోయి రెండేళ్ళయింది. పిల్ల రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇక్కడ. ఆదివారం పొద్దున పెట్టె సర్దుకుని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వస్తుంది. తొడుగులు మార్చేది కూడా ఆదివారమే కావడంతో బేసి నంబర్లు వాళ్ళమ్మ వాటాకి, సరి నంబర్లు నా వాటాకి వచ్చాయి. మా ఇద్దరి మధ్య గొడవ లేకుండా జరిగిన పంపకం అదొక్కటే.

ఈ తొడుగుల్లో దవడ పంటి దగ్గర ఒక నీలి చుక్క ఉంటుంది, ఆవగింజంత. నోట్లో ఉంచుకునే కొద్దీ ఆ రంగు కరుగుతూ రెండు వారాలకి వెలిసిపోతుంది. తీసి పక్కన పెడుతూ ఉంటే నీలంగానే మిగులుతుంది. పెట్టుకున్నామని పిల్లలు కోతలు కోస్తారని కంపెనీవాళ్ళు చేసిన ఏర్పాటు.

ఎనిమిదో జత అయ్యాక డాక్టరమ్మ పాత తొడుగులన్నీ తెప్పించి బల్ల మీద వరసగా పెట్టింది. ఒకటి, మూడు, ఐదు, ఏడులో చుక్క మచ్చుకైనా లేదు. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిదిలో నిన్న పెట్టినట్టు నీలంగా ఉంది. తొమ్మిదో జత బలవంతం మీద ఎక్కింది. ఇంకోసారి ఇలా అయితే మళ్ళీ కొలతలు తీసి మొదటి నుంచి మొదలుపెట్టాలని ఆవిడ మెల్లగానే చెప్పింది.

వాళ్ళమ్మ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. కంటికి కనపడింది తప్ప ఇంకేదీ నమ్మదు. కాపురం చేసినన్నాళ్ళూ నన్ను నువ్వు అంది, విడిపోయాక మీరు అంటోంది. ఆ మర్యాద వినపడ్డప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. 

"పదో జత కూడా ఇలాగే వస్తే పిల్ల నా దగ్గరే ఉంటుంది. మీరు ఆదివారాలు తీసుకెళ్ళండి" అంది.

ఎన్నాళ్ళు అని అడిగాను. పళ్ళు కుదురుకునేదాకా అంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ ఎదురుగా నాలుగు నీలి చుక్కలు పెట్టుకుని ఏ మొహంతో అరవను? సరే అని వచ్చేశాను.

నాది డ్రైవింగ్ స్కూల్లో ఉద్యోగం. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుంటాను. నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు ఉంటాయి, స్టీరింగు మాత్రం ఉండదు. పదిహేనేళ్ళుగా నేను చేసేదల్లా చివరి నిమిషంలో తొక్కడమే. పిల్ల విషయంలోనూ అదే చేశాను. పదో జత పెట్టుకుని అది నా ఇంటికి వచ్చిన రోజే ఫోనులో అలారాలు పెట్టాను. టిఫినుకి ఇరవై అయిదు నిమిషాలు, భోజనానికి అరగంట, తోముకోవడానికి పది. గంట మోగగానే డబ్బా ముందుకు తోసేవాణ్ణి.

అది ఎదురు చెప్పలేదు. పెట్టుకునేది, నోరు మూసుకునేది. అలిగిందేమో, రెండు రోజుల్లో అదే దారికొస్తుందిలే అనుకున్నాను. ఏదడిగినా తలే ఊపుతోంది. నాలుగో రోజున వంటింట్లో ఏదో గుయ్యిమంటోందని వెళ్ళి చూస్తే అది మా ఫ్రిజ్జు. ఆరేళ్ళ నుంచి ఉన్న ఫ్రిజ్జుకి అంత చప్పుడుందని నాకు అప్పుడే తెలిసింది.

కారణం నాకు తెలియంది కాదు. మొదటి నెలలో క్లాసులో పాఠం పైకి చదవమంటే "స" అనబోయిన చోటల్లా "థ" అని వచ్చింది. పిల్లలు పగలబడి నవ్వారు. తొడుగులతోనే మాట్లాడుతూ ఉంటే వారంలో నాలుక సర్దుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది కదా అని, కార్లో కూర్చోబెట్టుకుని దారిలో కనపడ్డ బోర్డులన్నీ చదివించాను. "థైకిల్ థర్వీథ్" అంది. నవ్వొచ్చింది. నవ్వేశాను. ఆ తర్వాత తొడుగులు నోట్లో ఉన్నప్పుడు అది నా దగ్గర కూడా నోరు మెదపలేదు. క్లాసులో నలభై మంది నవ్వితే తట్టుకుందేమో గానీ నేను నవ్వడం తట్టుకోలేకపోయింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆరో రోజు భోజనాల దగ్గర, తొడుగులు డబ్బాలో ఉన్న అరగంటలో, అడిగేశాను. అమ్మ దగ్గర ఇరవై రెండు గంటలూ ఎలా ఉంచుకుంటున్నావే, నా దగ్గరే ఎందుకు తీస్తావు అని.

అది కంచంలోకి చూస్తూ చెప్పింది. "అక్కడ తీయాల్సిన పనేముంది నాన్నా? అమ్మ అలిసిపోయి వస్తుంది. రోజంతా ల్యాబులో మెషీన్ల రొద, ఇంటికొచ్చాక ఎవరు మాట్లాడినా తలనొప్పి తనకి. పెట్టుకుని కూర్చుంటాను." ముద్ద కలుపుతూ, "ఇక్కడైతే నువ్వు తర్వాత ఏమైంది, తర్వాత ఏమైంది అని అడుగుతావుగా" అంది.

నా ఇంట్లో నీలంగా మిగిలినవన్నీ అది కబుర్లు చెప్పిన గంటలు. అక్కడ వెలిసినవన్నీ మూతి బిగించుకు కూర్చున్న గంటలు. బల్ల మీద పెట్టి చూస్తే మాత్రం నేను పనికిమాలిన తండ్రిని, ఆవిడ బాధ్యత గల తల్లి.

అలారం మోగింది. అది డబ్బా తీసుకుని లేచింది. లేస్తూ, "అమ్మకి చెప్పకు. తనేం చేసిందని? చెప్తే ఏడుస్తుంది" అంది. చెప్పనని చేతిలో చెయ్యి వేయించుకుంది.

నేను అలారం ఆపేశాను. కూర్చోవే, మీ చిత్రలేఖనం టీచరు సంగతి పోయినసారి సగంలో ఆపావు అన్నాను. అంతే, గట్టు తెగింది. ఆ టీచరు రంగు నీళ్ళ గ్లాసు టీ అనుకుని తాగేసిన సంగతి, ఇద్దరు స్నేహితురాళ్ళు ఒక రబ్బరు ముక్క కోసం మాట్లాడుకోవడం మానేస్తే వాళ్ళ మధ్య ఇది రాయబారం నడిపిన సంగతి, అన్నీ అభినయించి మరీ చెప్పింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నాకు తెలుసు, ఏం పోగొట్టుకుంటున్నానో. ఒక్కసారి కూడా ఇక పెట్టుకో అనలేకపోయాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజుకి ఇంకా మూడు రోజులుందనగా తొడుగు తీసి వెలుగులో చూశాను. చుక్క నీలంగా నన్నే చూస్తోంది. నోట్లో తడికి కరిగేది గ్లాసులో నీళ్ళకి కరగదా అని నా బుర్రకి తట్టింది. చన్నీళ్ళలో వేసి ఒక పూటంతా చూశాను, ఏమీ కాలేదు. దాంతో కాస్త వేడినీళ్ళు కలిపాను. చెయ్యి పెట్టి చూసే కలిపాను. నా చేతులకి ఇంజను వేడి అలవాటు, అది గోరువెచ్చనే అనిపించింది. సాయంత్రానికి చుక్క సగానికి సగం వెలిసింది. పరీక్ష పాసైనంత సంతోషపడ్డాను. పిల్ల తీసి పెట్టుకోబోతే ఒక పక్క దిగితే ఇంకో పక్క లేస్తోంది. మళ్ళీ మళ్ళీ నొక్కింది. చిగుళ్ళ మీద ఎర్రగా గీత పడింది.

ఏమీ పర్లేదులే నాన్నా, దిగుతుందిలే అని అదే నాకు ధైర్యం చెప్పింది.

డాక్టరమ్మ ఆ తొడుగు దీపం ముందు పెట్టి అటూ ఇటూ తిప్పింది. వేడినీళ్ళలో పెట్టారా అని అడిగింది. పెట్టానన్నాను. వాళ్ళమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చుక్క చూసింది, వంకర చూసింది, నన్ను చూసింది. అర్థం చేసుకోవడానికి ఆవిడకి ఎంతోసేపు పట్టలేదు.

"మా ల్యాబులో శాంపిల్ మారిస్తే ఆ రోజే ఉద్యోగం పోతుంది. ఎందుకు చేశారు? ఒక్క కారణం చెప్పండి, వింటాను."

నిజంగానే వినేదే. గొంతులో కోపం కూడా లేదు. కళ్ళ కింద నల్లగా ఉంది, నిద్ర చాలని మనిషి. నీ ఇంట్లో పిల్లకి నోరు విప్పే పని లేదు, అందుకే నీ చుక్కలు అంత శుభ్రంగా వెలుస్తున్నాయి అని చెబితే అయిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది. పెద్ద కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న పిల్ల కళ్ళు మాత్రం తిప్పి నన్ను చూసింది. తల అడ్డంగా ఊపడానికి లేదు, డాక్టరమ్మ వేళ్ళు నోట్లో ఉన్నాయి. ఊపక్కర్లేదు, నాకు తెలిసింది.

"బద్ధకం. నాదే తప్పు" అన్నాను.

మళ్ళీ కొలతలు తీశారు. మళ్ళీ ఒకటో నంబరు నుంచి. ఈసారి సరి, బేసి తేడా లేదు, అన్నీ వాళ్ళమ్మ వాటావే. నేను పంటి బిగువున కారు దాకా వచ్చాను. ముందుకి పోనివ్వబోయి రివర్సు గేరు వేసి వెనక గోడకి కొట్టాను. పైన డ్రైవింగ్ స్కూల్ అని బోర్డున్న కారు. దారిన పోయేవాళ్ళు ఆగి నవ్వుకున్నారు.

మొదటి ఆదివారం పదకొండింటికి వాళ్ళ వీధి మలుపులో ఎదురుచూశాను. పిల్ల వచ్చి పక్క సీట్లో కూర్చుంది. వాళ్ళమ్మ మేడ మీంచి చెయ్యి ఊపింది, ఇది ఊపింది. మలుపు తిరిగేదాకా నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక సింకు దగ్గర తొడుగులు తీసి, చన్నీళ్ళతో కడిగి, డబ్బాలో పెట్టి మూత నొక్కింది. గోడ గడియారం వంక చూసుకుంది. ఇక మొదలుపెట్టింది.

నేను పొద్దున్నే లేచి దానికిష్టమైనవన్నీ వండి పెట్టాను. కంచం ముందు పెడితే పక్కకి జరిపి చెబుతూనే ఉంది. ముందు తిను, తర్వాత చెబుదువు గాని అన్నాను. ముద్ద చేసి అందించాను, మొహం పక్కకి తిప్పేసింది. ఆకలి లేదా అన్నాను. పొద్దున ఏం తిన్నావని అడిగాను.

"ఏం తినలేదు. తింటే టైమంతా అందులోనే పోతుంది నాన్నా. రోజుకి రెండు గంటలేగా. ఇవాళ్టివి మొత్తం నీకే దాచుకొచ్చాను."

ఒక్కరోజు తినకపోతే ఏం కాదులే అని కూడా అంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. తినమని గట్టిగా అరిస్తే తింటుంది, నాకు తెలుసు. నోటి నిండా అన్నంతో గడియారం చూసుకుంటూ తింటుంది. చేతిలో ముద్ద అలాగే ఉంది. గడియారంలో ఇరవై నిమిషాలు అప్పుడే అయిపోయాయి.

ముద్ద కంచంలో పెట్టేశాను.

"తర్వాత ఏమైంది?" అన్నాను.